కిటికీ చట్రం మీద చెయ్యి

సత్యానందంగారికి హెలికాప్టరంటే భయమని, ఆ భయంతోనే లేని లోపాన్ని పట్టుకుని ఒక హెలికాప్టర్‌ను మూడు రోజులు నేల మీద కూర్చోబెట్టారని మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. నడిసముద్రంలో చమురు తీసే రిగ్గుల మీదికి ఇరవై ఏళ్ళు హెలికాప్టర్‌లోనే వెళ్ళొచ్చిన మనిషాయన. భయస్థుడైతే మొదటి నెలలోనే ఉద్యోగం మానేసి సొంతూరు కాకినాడకు బస్సెక్కి ఉండేవారు. ఈ ఉదయం ధౌలా కువాన్ దగ్గర, జనవరి ఇరవయ్యారు పరేడ్‌కు సాధన చేస్తున్న హెలికాప్టర్లు నెత్తి మీదుగా పోతుంటే క్యాబ్ అద్దం సన్నగా అదిరింది. నా చెయ్యి దానంతటదే కిటికీ చట్రం మీదికి పోయింది. ఆ అలవాటు ఆయన పెట్టిందే.

నోయిడా ఆఫీసులో ఆయన భద్రతా విభాగం అధిపతి, నేను ఆయన దగ్గర నివేదికలు రాసేదాన్ని. రిగ్గుల మీద పనిచేసేవాళ్ళు తమకు అనుమానం కలిగించిన ప్రతిదీ, పేరు పెట్టకుండా, ఒక పసుపు కార్డు మీద రాసి డబ్బాలో వేస్తారు. వాటిని మర్యాదైన ఇంగ్లీషులోకి మార్చి పైవాళ్ళకు పంపడం నా పని. నా ఇంగ్లీషంటే నాకు గర్వం. ఒకసారి ఓ కార్డులో, "వెనక సీట్లో కూర్చుంటే నెత్తి మీద గరగరమంటోంది, పళ్ళు అదురుతున్నాయి" అని ఉంది. నేను "ప్రయాణికులకు స్వల్ప అసౌకర్యం" అని రాశాను. ఆయన ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చారు.

"ఏమ్మా సుభాషిణీ, ఈ స్వల్పం నీకెవరు చెప్పారు?"

"ఆఫీసు భాష సార్ అది. పళ్ళు అదిరాయని పంపితే పైవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వడానికైనా చదవాలి కదా. నువ్వెప్పుడైనా ఎక్కావా?"

"నేనెందుకెక్కుతాను? నా ఉద్యోగం నోయిడాలో."

"అదే నీ జబ్బు," అని వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా నన్ను రిగ్గు పనివాళ్ళ శిక్షణకు పంపారు. హెలికాప్టర్ లోపలి భాగంలాంటి ఒక డబ్బాలో బెల్టు కట్టి కూర్చోబెట్టి, కొలనులో ముంచి, తలకిందులు చేస్తారు. నీళ్ళలో ఏది పైకో ఏది కిందికో తెలియదు. మునగకముందే కిటికీ చట్రం పట్టుకున్న చెయ్యి ఒక్కటే బయటికి దారి చెబుతుంది. మొదటిసారి నేను కంగారులో చెయ్యి వదిలేశాను. ఈతగాడొచ్చి నన్ను లాగి గట్టున పడేశాడు. దగ్గుతూనే ఫోన్ చేసి, "నన్ను చంపడానికి పంపారా సార్?" అని అడిగాను. "లేదమ్మా, స్వల్ప అసౌకర్యానికి పంపాను," అన్నారు. ఫోన్ పెట్టేసి మళ్ళీ ఆ డబ్బా ఎక్కాను. రెండోసారి చెయ్యి వదల్లేదు.

తిరిగొచ్చేసరికి అదే గరగర గురించి మరో నాలుగు కార్డులు వచ్చి ఉన్నాయి. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. ఆ హెలికాప్టర్ ఎగరకూడదని ఆయన సంతకం పెట్టారు. దాంతో డ్యూటీ ముగించుకుని ఇంటికి రావాల్సినవాళ్ళు మూడు రోజులు రిగ్గు మీదే చిక్కుకుపోయారు. ఒకతను ఫోన్లో, "మీరు ఏసీలో కూర్చుని మమ్మల్నిక్కడ ఎండబెడతారా సార్? మా చెల్లి నిశ్చితార్థం దాటిపోయింది," అన్నాడు. "తిట్టు నాయనా. ఒడ్డుకొచ్చి, ఎదురుగా నిలబడి తిట్టు," అన్నారాయన. చివరికి, హెలికాప్టర్ నడిపే కంపెనీ తనిఖీ చేసి, లోపమేమీ లేదని రాసిచ్చింది. ఆరు నెలలకు ఆయన్ని ఆ కుర్చీలోంచి తప్పించి, శిక్షణ పుస్తకాలు అచ్చు వేయించే పనిలో పెట్టారు. అక్కడే రిటైరయ్యారు.

నిరుడు ఆయన పోయారు. సంతాప సభలో నా పక్కన కూర్చున్న మా ఆఫీసు ఘాజియాబాద్ త్యాగీ, "అచ్ఛే ఆద్మీ థే మేడమ్‌జీ, బస్, థోడా డర్‌పోక్," అన్నాడు. మంచివాడే గానీ కాస్త పిరికి అట. "మూసుకుంటున్న మెట్రో తలుపులో దూరడం మీ దృష్టిలో ధైర్యం త్యాగీజీ, నాకు తెలుసు," అన్నాను.

ఆ తనిఖీ నివేదిక నకలు నా దగ్గరుంది. మొదటి పేజీలో లోపం లేదని ఉంది. ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో, వెనక సీట్ల నెత్తి మీదుగా తోకవైపు వెళ్ళే షాఫ్టుకు పాత బేరింగు తీసి కొత్తది వేసినట్టు ఉంది. అప్పట్లోనే ఆయనకు చూపిస్తే, "మార్చారు కదమ్మా, వాళ్ళు క్షేమంగా ఇళ్ళకెళ్ళారు. చాలు," అన్నారు. నాకు చాలదు. వచ్చిన కార్డును ఇప్పుడు ఒక్క మాట కూడా మెత్తబరచకుండా పంపుతున్నాను, ఏ బండెక్కినా ముందు కిటికీ చట్రం పట్టుకుంటున్నాను. ఆయన్ని పిరికివాడనేవాళ్ళలో ఒక్కరైనా నాకిది చెప్పాలి. లోపమే లేకపోతే ఆ బేరింగు ఎందుకు మార్చారు?