రాతిగోడ కంతలో అమ్మ చెయ్యి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నర్సుగా గుంటూరులోనూ, ఇక్కడ ఐర్లండ్‌లోనూ లెక్కలేనన్ని రాత్రి డ్యూటీలు చేశాను. ప్రాణం పోయినవాళ్లకు కళ్లు మూసి, ఒళ్లు తుడిచి, దుప్పటి సర్ది, వెళ్లి టీ తాగినదాన్ని. ఒక్క ఆత్మ కూడా వచ్చి నన్ను పలకరించలేదు. ఇది చదివి భ్రమ అనుకునేవాళ్లు అనుకోండి, మొదట నేనూ అదే అనుకున్నాను.

మా అమ్మ సువార్తమ్మ కిందటి ఏడాది విజిట్ వీసా మీద ఇక్కడ నేవన్‌లో మా ఇంటికి వచ్చింది. చిన్నప్పుడు ఆమెకు కుష్టు వచ్చింది. మిషన్ ఆసుపత్రి మందులతో పూర్తిగా నయమైంది గానీ, కుడిచేతి వేళ్లు రెండు సగానికి అరిగిపోయాయి, ఆ చేతికి స్పర్శ పోయింది. గిన్నె కాలినా తెలియదు, బొబ్బ చూసుకున్నాకే తెలుస్తుంది. ఈ సంగతి ఇక్కడ నాకూ మావారికీ తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మాయి గ్రేసీకి "అమ్మమ్మ చెయ్యి రోట్లో నలిగింది" అని చెప్పి పెంచాం.

జబ్బు నయమైంది కానీ ఊళ్లోవాళ్ల భయం నయం కాలేదు. చర్చిలో అందరూ చాపల మీద కూర్చుంటే, అమ్మను గుమ్మం అవతల కూర్చోబెట్టేవారట. ప్రభు బల్ల రోజున, అంటే ఏసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, అందరికీ అయ్యాక, ఆఖరున, రొట్టె పైనుంచి ఆమె కొంగులో వేసేవారట. నేవన్‌లో మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి వచ్చినా అదే అలవాటు. తలుపు పక్క కుర్చీ, కొంగు కింద చెయ్యి. బల్ల దగ్గరికి మాత్రం రాదు.

"ఒక్కసారి అందరితో పాటు ముందుకొచ్చి రొట్టె తీసుకోమ్మా, కళ్లారా చూడాలనుంది" అని బతిమాలేదాన్ని, పోట్లాడేదాన్ని.

"నాకిక్కడ బానే ఉంది. నీ పని చూసుకోవే" అనేది.

తిరుగు ప్రయాణం దగ్గర పడుతున్న కొద్దీ నా పోరు ఎక్కువైంది. ఇక్కడ కూడా గుమ్మం దగ్గరే కూర్చుని వెళ్లిపోతే నేనింత దూరం పిలిపించి ఏం లాభం?

ఒక శనివారం మధ్యాహ్నం అమ్మనూ గ్రేసీనీ ఊరి బయట పాడుబడ్డ పాత చర్చి చూపించడానికి తీసుకెళ్లాను. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. గోడలు మాత్రం దిట్టంగా నిలబడి ఉన్నాయి. తూర్పు గోడలో కొసదేలిన పెద్ద కిటికీ, అద్దాలన్నీ పోయి సన్నటి రాతి కమ్ములు మిగిలాయి. ఉత్తరం గోడలో, మనిషి నిలబడితే కంటికి అందే ఎత్తులో, ఏటవాలుగా తొలిచిన కంత ఒకటి ఉంది. బయటినుంచి కన్ను ఆనిస్తే సూటిగా బలిపీఠం ఉండే చోటే కనబడుతుంది, ఇంకేమీ కనబడదు. ఎందుకిలా కట్టారా అనుకున్నాను.

గ్రేసీ అక్కడి బోర్డు చదివి, "మమ్, హౌ డు యూ సే లెపర్ ఇన్ తెలుగు?" అంది.

నేను గ్రేసీ జబ్బ పట్టుకున్నాను. "ఏం లేదు, పదండి పోదాం" అన్నాను.

అది వింటేనా! తనకొచ్చిన తెలుగులో, "అమ్మమ్మా, వీళ్లు సిక్. లోపలికి నో. బయట నిలబడి చూడాలి" అని బోర్డు మీది బొమ్మ చూపించింది. చేతులకు గుడ్డలు చుట్టుకున్న మనిషి బొమ్మ అది.

"కుష్టోళ్లా?" అంది అమ్మ. ఆ మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. "ఓరి దేవుడా, ఇంత దూరంలోనూ ఇదేనా!"

కొంగు కిందినుంచి చెయ్యి తీసి, ఆ కంతలోకి మోచేతి దాకా పెట్టింది. కాసేపటికి ముఖం మారిపోయింది.

"ఎవరో పట్టుకున్నారే" అంది. "వెచ్చగా ఉంది."

ఆ చేతికి వేడి తెలియడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పైగా మబ్బు పట్టిన రోజు, ఎండ ముఖం చూడని గోడ, రాయి తడిసి చల్లగా ఉంది.

గ్రేసీ నా పక్కనే ఉంది. నేను చుట్టూ తిరిగి లోపలికి పరుగెత్తాను. గడ్డి, ఒరిగిపోయిన సమాధి రాళ్లు తప్ప మనిషన్నవాడు లేడు. గడ్డిలో ఏరుకు తింటున్న కాకులు నన్ను చూశాకే లేచాయి. అంతకుముందు ఎవరైనా ఉండి ఉంటే అవి అక్కడ అంత నింపాదిగా ఉండేవి కావు.

కంతలో అమ్మ అరచెయ్యి కనబడింది. గట్టిగా నొక్కి వదిలితే తెల్లబడిన చోట రక్తం మెల్లగా తిరిగొస్తుంది కదా, ఆ చేతి మీద సరిగ్గా అలాగే రంగు తిరిగొస్తోంది. రోజూ పేషెంట్ల దగ్గర చూసేదే, పొరపడే ప్రసక్తే లేదు.

ఇంటికొచ్చాక అమ్మ చేత కళ్లు మూయించి ఆ చేతి మీద దూదితో రాశాను. తెలియలేదు. వేడినీళ్లలో ముంచిన చెంచా ఆనించాను. అదీ తెలియలేదు. ఎప్పటిలాగే మొద్దుబారిన చెయ్యి.

"నీ దూదీ నువ్వూనూ! పోయి అన్నం వండు" అని కసిరింది.

మర్నాడు ఆదివారం ప్రభు బల్ల. పాస్టర్‌గారు పిలవగానే తిరిగి చూస్తే తలుపు పక్క కుర్చీ ఖాళీ. అమ్మ అందరికంటే ముందు వెళ్లి నిలబడింది. కొంగు తీసేసి కుడిచెయ్యి చాపింది. ఆయన ఆ వేళ్లు చూశారు, రొట్టె అరచేతిలో పెట్టారు. నేను సిగ్గు లేకుండా భోరుమన్నాను.

తిరిగి వస్తుంటే కారులో అమ్మే గ్రేసీతో, "రోలూ లేదు, నలగడమూ లేదు. మీ అమ్మ కోతలు కోసింది. నాదీ ఆ బొమ్మలో మనిషి జబ్బే" అంది. గ్రేసీ ఆ చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "దట్స్ గ్రాండ్, అమ్మమ్మా" అంది, ఏం పర్లేదు అనడానికి ఇక్కడివాళ్ల మాట అది.

ఆ కంతలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ రోజు కారులో అడిగితే అమ్మ చెప్పింది ఒక్కటే.

"ఎవరో నాకేం తెలుసే? నన్ను పట్టుకున్న ఆ చేతికీ వేళ్లు సగమే ఉన్నాయి. అయినా వాళ్లు లోపలున్నారు."