మీసం పందెం, చీరల తెరచాప

కోటిపల్లి రేవుకు నావలో కొబ్బరికాయలు చేరవేసే అమ్మిరాజుగారికి మీసమంటే ప్రాణం. అయినా పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో బావగారితో నావల పందెం కాశారు. వెనక చేరినవాడు మీసం తీయించుకోవాలి.

ఆరోజు మా పాపను గట్టిగా పట్టుకుని నేనూ అమ్మిరాజుగారి నావలోనే ఉన్నాను. గాలి వెనక నుంచి అందుకోగానే, భార్య బుజ్జమ్మగారు పాత చీరలతో కుట్టిన రెండో తెరచాపను ఆయన నావ నిలువు కొయ్య కొస దాకా ఎత్తారు. నావ బావగారిని దాటేసింది. కానీ కొయ్యను పట్టి ఉంచే తాళ్లు ముప్పాతిక ఎత్తు వరకే ఉన్నాయి. ఆ పైభాగం విల్లులా వంగింది.

“దించెయ్యండి! మీసం మళ్లీ మొలుస్తుంది, కొయ్య మొలవదు!” అని బుజ్జమ్మగారు అరిచారు.

ఆయన దించారు, ఓడిపోయారు.

రేవులో మంగలి కత్తి తీయగానే బుజ్జమ్మగారు అడ్డొచ్చి బావగారి వైపు తిరిగారు. “సగం దూరం మేమే ముందున్నాం అన్నయ్యా. సగమే తీయించు.”

“సగం మీసంతో ఊళ్లో ఎలా తిరగనే?” అన్నారు అమ్మిరాజుగారు. “మొత్తం తీసెయ్యవయ్యా!”