మాబున్ని ఊరి దిగుడుబావిలో పురుగు

ఎనభైల మొదట్లో నేను తెనాలి నుంచి వచ్చి నంద్యాలలో సైన్సు టీచరుగా చేరాను. నా తొమ్మిదో తరగతిలో మాబున్ని అని హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల ఉండేది. వేసవి సెలవులకు ఇంటికెళ్ళింది, బడి తెరిచినా రాలేదు. కాలికి నారికురుపు లేచిందని, ఇక చదువు మాన్పిస్తారని కబురొచ్చింది. నారికురుపంటే తాగే నీళ్ళతో ఒంట్లోకి పోయి, ఏడాదికి కాల్లోంచి దారంలా బయటికొచ్చే పురుగు. గుడ్డతో నీళ్ళు వడగట్టుకుంటే రాని జబ్బుకి బంగారం లాంటి పిల్ల చదువు పోవడమా అని నాకు ఒళ్ళు మండింది. ఆదివారాలు ఊళ్ళు తిరిగి పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పే మా చిన్న జట్టులో ఎస్తేరు అనే నర్సు ఉంది, ఆవిడది మాబున్ని ఊరికి దగ్గరున్న ఆళ్ళగడ్డే. "పోయి సూసొద్దాం పా మేడం, ప్రార్థన బస్సులోనే చేసుకుంటాలే" అంది.

నంద్యాలలో ఆరింటికి తొలి బస్సెక్కాం. శిరివెళ్ళ దాటాక ఎడమవైపు నల్లమల, కుడివైపు దున్ని వదిలిన నల్లరేగడి. ఇద్దరి టిక్కెట్లకూ పది రూపాయల నోటిస్తే చిల్లర వెనక్కి వచ్చింది. ఆళ్ళగడ్డలో దిగి ఉగ్గాని, బజ్జీ తింటూ, దొర్నిపాడు బస్సు ఎప్పుడని హోటలాయన్ని అడిగాను. "వచ్చినప్పుడొస్తాదిలేమ్మా, ముందు తిను" అన్నాడు. అది వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. దొర్నిపాడుకి ముందే దిగి, ఎండలో అరగంట నడిచాం.

ఊరి నీళ్ళన్నీ ఒక్క దిగుడుబావివే. ఆడవాళ్ళు మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి బిందెలు ముంచుతున్నారు. మెట్లమీద మాబున్ని, కాలికి గుడ్డ కట్టుకుని, చంకలో బిందెతో. నన్ను చూసి సిగ్గుతో తల దించుకుంది. నేను ఆగలేక గొంతెత్తి, "అమ్మా, మీ బావిలో పురుగుంది!" అన్నాను.

అంతే, బిందెలు వదిలేసి అందరూ పైకి ఉరికారు. ఎవరో ఒకాయన దుడ్డుకర్రతో పరిగెత్తుకొచ్చాడు. "యాడమ్మా? యాడుందో సూపియ్, సంపేస్తా!" ఎస్తేరు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "పామును పురుగంటారు మేడం ఈడ!" మా వైపు చీకటి పడ్డాకే అలా అంటారు. ఇక్కడ పట్టపగలు కూడా అంటారని నాకేం తెలుసు?

గాజుగ్లాసులో బావినీళ్ళు ముంచి భూతద్దం చేతికిచ్చాను. చుక్కల్లాంటి నీటిపురుగులు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వులు ఆగిపోయాయి. కురుపున్న కాలు నీళ్ళలో పెడితే కాల్లోని పురుగు పిల్లలు నీళ్ళలో పడతాయని, వాటిని ఈ నీటిపురుగులు మింగుతాయని, నీళ్ళతోపాటు వీటిని మనం తాగుతామని చెప్పాను. పాఠం బాగా చెప్పాననే అనుకున్నాను. "అంటే ఎవురి కాల్నుంచి పడినట్టు?" అని ఒకామె అడిగేదాకా.

అందరి కళ్ళూ మాబున్ని కాలిమీద పడ్డాయి. "ఈ పిల్ల రేపట్నుంచి ఈడికి రాగూడదు" అన్నాడు కర్ర పట్టుకున్నాయన. మాబున్ని ఖాళీ బిందె మెట్టుమీద పెట్టి, "నేను పోతా మేడం" అంది. నాకు ఏడుపొచ్చింది. చదువు నిలబెడదామని వచ్చి, ఉన్న నీళ్ళు కూడా లేకుండా చేశానే!

అప్పుడు ఓబులమ్మవ్వ అనే ముసలావిడ చీర పిక్కలదాకా ఎత్తింది. కాలినిండా పాత నారికురుపుల మచ్చలు. "ఇది నా పెండ్లయిన ఏటిది. ఇది నా కొడుకు పుట్టిన ఏటిది. ఏమప్పా, మచ్చ లేని కాలు ఈ ఊర్లో యాడుందో సూపియ్. ఆ కాలోడే ఈ పిల్లను పొమ్మనల్ల." కర్ర ఆయన తన మడమ వైపు చూసుకున్నాడు.

"పుండున్నోళ్ళు దిగొద్దు. దిగినోళ్ళు వాళ్ళకు ముంచి పోయల్ల" అని అవ్వ మాబున్ని బిందె తీసుకుని నీళ్ళలోకి దిగింది. నీళ్ళు వడకట్టేలా బిందె మూతికి ఎస్తేరు తన సంచిలోంచి పాతచీర ముక్క తీసి మడిచి కట్టింది.

ఇప్పుడా జబ్బు లేదు. జబ్బు ఎలా వస్తుందో చెప్పడం నాకొచ్చు, ఆ మాట ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోవడం మాత్రం అవ్వ దగ్గరే నేర్చుకున్నాను. మీరూ ఇలాంటి పనిమీద అటు వెళితే తొలి బస్సే పట్టుకోండి. నోరు తెరిచే ముందు, ఏ మాటను అక్కడ ఏమని వింటారో ఊరివాళ్ళను అడగండి. పుండు మానాక ఇంట్లోవాళ్ళు పంపించారు, మాబున్ని బడికి తిరిగొచ్చింది. నేను చెరువునీళ్ళ పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీ నుంచి లేచి, "పురుగనొద్దు మేడం, నీటిపురుగనల్ల. మా ఊరోళ్ళు దుడ్డుకర్రలు తెస్తారు" అంది.