హలోగారి తెల్ల తువ్వాలు

నాకు గురక వస్తుందన్న సంగతి పెళ్ళైన వారంలోపే ఊరంతటికీ మైకులో తెలిసింది.

పొద్దున్నే అత్తగారింటి పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. హైస్కూలు మైదానం వైపు నుంచి ఒక గొంతు గంటకొట్టినట్టు వినబడింది. "హలో... హలో... అల్లుడుగారు లేచారా? రాత్రి ఆయన గురకకి మన పిల్లి ఇల్లు వదిలి పోయింది. కాసిని పాలు పోసి పిలువు, వస్తుంది. హలో..."

నోట్లో నురుగుతో నేను అలాగే నిలబడిపోయాను. అత్తగారు గబగబా మేడ మెట్లెక్కి, దండెం మీద తెల్ల తువ్వాలు ఆరేసి, దిగివచ్చి, "సౌండు బాగుంది బాబూ" అంది. గురక గురించి ఆవిడ ఏమీ అనలేదు. పాలతను మాత్రం గుమ్మంలో నిలబడి, నా వైపు చూడకుండా, "పిల్లికి ఇంకో అరలీటరు పొయ్యమంటారామ్మా?" అని అడిగాడు.

మా మామగారు మైకుసెట్టు అద్దెకిచ్చేవారు. ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కి కూడా సరిగ్గా గుర్తులేదు. ఊరందరికీ ఆయన హలోగారే. స్కూలు వార్షికోత్సవమైనా, ఎన్నికల సభైనా, సర్కస్ డేరా లేచినా, చెప్పుల దుకాణం తెరిచినా మైకు గొట్టాలు కట్టడానికి ఆయన రావాల్సిందే. కుర్రతనంలో సైకిలు వెనక ఒకే ఒక్క గొట్టం కట్టుకుని, తప్పిపోయిన మేకల గురించి వీధి వీధీ తిరిగి చెప్పడంతో మొదలుపెట్టారట. "మేకలు దొరికేవా?" అని నేనొకసారి అడిగితే, "నా గొంతు విని ఇంకా దూరం పారిపోయేవి" అన్నారు.

ఆయన ముందుగదిలో కుర్చీలకన్నా గొట్టాలే ఎక్కువ. బోర్లించిన ఒక గొట్టం మీద నేను కూర్చునేవాణ్ణి, పక్కదాన్లో పిల్లి ఈనేది. ముగ్గురు కూతుళ్ళూ జడలు వేసుకోవడంకన్నా ముందు తీగ చుట్టలు చుట్టడం నేర్చుకున్నారు. మా ఆవిడ ఇప్పటికీ ఇస్త్రీపెట్టె తీగని మోచేతికీ బొటనవేలికీ మధ్య పద్ధతిగా చుట్టి గాని పక్కన పెట్టదు. నేను చుడితే విప్పి మళ్ళీ చుడుతుంది.

మిగతా మైకువాళ్ళు "వన్ టూ త్రీ" అంటూ పరీక్ష చేస్తారు. మామగారికి అది నచ్చదు. "అంకెలు ఎవరు వింటారండీ? ఇంటి మాటైతేనే మనిషి చెవులు రిక్కిస్తాడు" అనేవారు. అందుకని ఎక్కడ సభ జరిగినా ఒక గొట్టాన్ని తన ఇంటివైపు తిప్పి కట్టి, అత్తగారితో మాట్లాడేవారు. ఆవిడ మేడ మీది దండెంతో జవాబు చెప్పేది. తెల్ల తువ్వాలు వేస్తే బాగా వినబడుతోందని. గళ్ళ దుప్పటి వేస్తే గరగరమంటోందని. ఎర్ర రగ్గు వేస్తే, చాలు మహానుభావా, తగ్గించమని.

ఈ పద్ధతి వల్ల ఆ ఇంట్లో రహస్యమన్నది లేకుండా పోయింది. మా పెద్ద వదినగారు లెక్కల్లో గట్టెక్కిన కబురు ఆవిడకన్నా ముందు టైలరుకి తెలిసింది. "నా కళ్ళజోడు తలగడ కింద ఉందేమో చూడు" అని మైకులో వినబడితే, నాలుగిళ్ళవాళ్ళు అలవాటుగా తమ తలగడలు ఎత్తి చూసుకునేవారు.

విచిత్రమేమిటంటే, మైకు ముందు గలగలా పారే ఆ మనిషికి ఇంట్లో నోట్లో నాలుక ఉండేది కాదు. అన్నం పెడితే తినేవారు, కూర బాగుంటే ఇంకాస్త వడ్డించుకునేవారు. అంతే, అదే మెప్పు. "ఈయనగారి నోరు ఆంప్లిఫయరుకి తగిలిస్తేనే పలుకుతుంది" అనేది అత్తగారు. ఏనాడైనా తన గురించి ఒక్క మంచిమాట అంటారేమోనని ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి దాన్నో జోకు చేసేసుకుంది.

ఆయన డెబ్భై దాటాక కూడా గొట్టాలు కట్టే గుంజ తనే ఎక్కుతానని పేచీ పెట్టేవారు. ఒకరోజు వాలీబాల్ పోటీలకి గొట్టాలు కడుతున్నారు. నిచ్చెన పట్టుకోవడానికి నన్ను లాక్కుపోయారు. అన్నీ బిగించి, మైకు పట్టుకుని, "హలో... ఇవాళ భోజనానికి ఆలస్యమవుతుంది, నువ్వు తినెయ్" అన్నారు. గొట్టంలోంచి గాలి కూడా రాలేదు. కరెంటు పోయింది. పక్కనే ఉన్న నాకే ఆ మాట అంతంతమాత్రంగా వినబడింది.

తలెత్తి చూస్తే, వీధి చివర మామగారి మేడ మీద తెల్ల తువ్వాలు రెపరెపలాడుతోంది.

మామగారు మైకు దించి దానికేసి చూశారు. "గుంజ లేవడం చూసి వేసేస్తోందన్నమాట" అన్నారు నెమ్మదిగా. "ఎన్నాళ్ళనుంచో పాపం."

"చెవి డాక్టరుకి చూపిద్దాం మామయ్యగారూ."

"మీకు తెలుసని గాని, నాకు తెలుసని గాని ఇంట్లో అనకండి. చిన్నబుచ్చుకుంటుంది." మళ్ళీ మేడకేసి చూసి, "ఆ తువ్వాలు లేకపోతే నేను ఎవరితో మాట్లాడుతున్నట్టండీ ఇన్నేళ్ళూ?" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఇంటికి వస్తే మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాగి గుసగుసలాడింది. "అమ్మకి వినబడటం లేదండీ. నాన్నకి చెప్పొద్దంటోంది. తెలిస్తే ఆ రోజే గొట్టాలు దించేసి మంచమెక్కుతాడట." అవతల గదిలో ఆయన అదే రహస్యం నా నెత్తిన పెట్టి కూర్చున్నారు. మధ్యలో నేను, రెండువైపులా వాయించే మద్దెలలాగా.

ఆ తర్వాతే అసలు వింత మొదలైంది. ఆవిడకి వినబడదన్న ధైర్యంతో హలోగారు పరీక్ష మాటలు మార్చేశారు.

"హలో... హలో... నిన్న ఆ నీలం శాలువాలో భలే ఉన్నావు. చెబుదామనుకున్నాను, పప్పుగిన్నె అడ్డమొచ్చింది."

ఇంకోరోజు, సహకార బ్యాంకు సభ ముందు: "హలో... నాతో కాపురమంటే మాటలు కాదు. అసలు మాటలే లేవనుకో. అయినా నెట్టుకొచ్చావు. హలో..."

మేడ మీద ఠంచనుగా తెల్ల తువ్వాలు. ఆయన ముఖంలో పరీక్ష పాసైన పిల్లాడి వెలుగు.

ఊరు ఊరంతా విని, ఊరు ఊరంతా నోరు మూసుకుంది. అంతటి కట్టుబాటు ఆ ఊళ్ళో మరే విషయంలోనూ నేను చూడలేదు. రిటైరైన హెడ్మాస్టరు పేపరు మానేసి కుర్చీ వరండాలోకి వేయించుకున్నారు. అత్తగారు బజారుకి వెళ్తే కూరలమ్మి ముసిముసిగా నవ్వి గుప్పెడు ఎక్కువ వేసేది. "ఈమధ్య అందరూ నన్ను చూసి నవ్వుతున్నారేంటే? పైట తిరగేసి కట్టానా?" అని ఆవిడ మా ఆవిడని అడిగేది.

చివరికి మా ఆవిడ తల్లిని ఒప్పించి, పక్క ఊళ్ళో పెళ్ళిపిలుపులున్నాయని మామగారికి అబద్ధం చెప్పి, చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చెవిలో మిషను పెట్టించి తెచ్చింది. నాకు చెప్పలేదు. నా నోటి సంగతి ఆవిడకి తెలుసు. మామగారికి చెప్పొద్దని అత్తగారే అందట. "రేపు మైదానంలో మైకు కడతారుగా. ఆయన గొంతు మొదట అక్కణ్ణుంచే వింటాను. అప్పుడు నిజం తువ్వాలు వేస్తాను."

మర్నాడు మైదానంలో ఆటల పోటీలు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. హలోగారు గొంతు సవరించుకున్నారు. ఆ రోజు మంచి హుషారుమీద ఉన్నారు.

"హలో... హలో... పెళ్ళిచూపుల్లో నువ్వు తలుపు చాటునుంచి తొంగిచూశావు. నేనూ చూశాను. అప్పట్నుంచీ ఇంకెవర్నీ చూడబుద్ధి కాలేదు. ఇది నీకు చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! హలో..."

అని అలవాటుగా మేడకేసి చూశారు. తువ్వాలు లేదు. అత్తగారు మాత్రం ఉంది, పిట్టగోడ పట్టుకుని, కదలకుండా. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెనక్కి తిరిగింది. మొదట తెల్ల తువ్వాలు వేసింది. దాని పక్కనే, రెండు చేతులా ఎత్తి, ఎర్ర రగ్గు కూడా వేసింది.

"అల్లుడుగారూ," అన్నారు మామగారు, మైకు ఆపడం మరిచిపోయి, "కొంప మునిగింది. దానికి వినబడింది!"

అదీ ఊరంతా వింది. పిల్లలు ఈలలు వేశారు.

మామగారు కిందటేడు, తొంభయ్యో పడిలో, మధ్యాహ్నం కునుకులో హాయిగా వెళ్ళిపోయారు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ రోజు ఇంటికి నడిచిన నడకే గుర్తొస్తుంది. దారి పొడుగునా వరండాల్లో జనం. టైలరు మిషను ఆపి లేచి నిలబడ్డాడు. ఆయన నా భుజం వెనక దాక్కుని నడిచారు, నాకన్నా జానెడు పొడుగైన మనిషి.

గుమ్మంలో అత్తగారు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. మొహం జేవురించింది గాని, పెదాలు మాట వినడం లేదు, నవ్వొచ్చేస్తోంది.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కటంటే ఒక్క మంచిమాట అన్నారా నాతో? నాకు చెవుడొచ్చేదాకా ఆగి, నేను తప్ప ఊరంతా వినేట్టు చెబుతారా?"

మామగారు చెప్పులు విప్పుతూ, ఆ చెప్పులకే చెబుతున్నట్టు అన్నారు:

"నువ్వు వింటావని తెలిస్తే నాకు నోరు పెగిలేదా?"