యాదగిరన్నతో కొలంబియాలో ఒక్కరోజు

మొన్న ఇంట్లో బెల్లం అయిపోయింది. ఇండియన్ స్టోర్ దాకా వెళ్లే ఓపిక లేక, డల్లాస్ పక్కన కాపెల్‌లో మా ఇంటికి దగ్గరగా దక్షిణ అమెరికా సరుకులు అమ్మే దుకాణంలో దూరి, 'పనేలా' అని రాసి ఉన్న గోధుమరంగు అచ్చు ఒకటి తెచ్చాను. అదీ చెరకు బెల్లమే. గిన్నెలో నీళ్లు పోసి కరగబెట్టేసరికి ఆ వాసన వంటిల్లంతా నిండిపోయింది. పాకం వాసన తగిలితే ఎవరికైనా నోరూరాలి. నేను మాత్రం ఆ వాసన దగ్గర నిలబడలేకపోయాను. స్టవ్ కట్టేసి వెళ్లి వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాను. మా ఆయన బయటికి వచ్చి, "ఏమైందే, మాడిందా?" అని అడిగాడు. మాడలేదన్నాను. యాదగిరన్న గురించి మా ఆయనకు తెలిసింది సగమే. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను, ఆయనా ఇక్కడే చదువుకుంటాడు.

యాదగిరన్న మా సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్. సిద్దిపేట వైపు మనిషి. నేను మొదటిసారి హెచ్-1 వీసా మీద డల్లాస్‌లో దిగినప్పుడు నన్ను ఆయన టీమ్‌లోనే వేశారు. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్లుంటాయి. భార్య, శ్రావ్య అనే ఒక్క కూతురు. గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఏడేళ్లుగా నిలబడి ఉన్నాడు. నేను రాజమండ్రి దాన్ని. నా 'అండీ'లు వింటే ఆయనకు నవ్వు, ఆయన 'గట్ల, గిట్ల'లు వింటే నాకు నవ్వు. "మీ గోదారోళ్లు తిట్టినా మర్యాదగ తిడతరు, ఎప్పుడు తిట్టిండ్రో గూడ తెల్వది," అనేవాడు. 'సార్' అంటే ఊరుకునేవాడు కాదు. అలా నెల తిరిగేసరికి నాకు 'అన్న' అయిపోయాడు.

ఆయనకొక పట్టు ఉండేది. మేము సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు, రాత్రంతా సిస్టమ్‌ని చూసుకునే బాధ్యత హైదరాబాద్ టీమ్‌కి అప్పజెప్పి వెళ్లాలి. అందరూ చేసినట్టే నేనూ మొదటివారం ఒక మెయిల్ కొట్టేసి బ్యాగ్ తగిలించుకున్నాను. ఆయన తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"అవతలోడు తీసుకున్నడా?"

"మెయిల్ పంపానండీ."

"మెయిల్ పంపుడు నీ పని. తీసుకునుడు వాని పని. వాడు నోటితోని 'తీసుకున్న' అన్నడా, లేదా?"

బ్యాగ్ దింపించి, అక్కడ అప్పుడే నిద్రలేచిన కుర్రాడికి నా చేత ఫోన్ చేయించాడు. చూసుకోవాల్సినవన్నీ వాడి చేత తిరిగి చెప్పించాడు. చివర్న వాడు "తీసుకున్నాను" అనేదాకా నన్ను కదలనివ్వలేదు. ఒళ్లు మండిపోయింది నాకు. ఆ చాదస్తం మీద ఆఫీసులో జోకులకు లెక్కే లేదు. ఒకరోజు బ్రేక్‌రూమ్‌లో నడుమ్మీద చెయ్యి పెట్టుకుని ఆయన్ని అనుకరిస్తున్నాను. అందరూ ఒక్కసారిగా నవ్వు ఆపేశారు. వెనక్కి తిరిగితే టీ కప్పుతో ఆయనే. "జర గొంతు పెంచు బిడ్డా, నేను గింత సన్నగ మాట్లాడ," అని టీ కలుపుకుని వెళ్లిపోయాడు. సిగ్గుతో చచ్చాననుకోండి. అయినా ఆ పట్టు నాకు చాదస్తంగానే తోచింది.

రెండు వేల పదకొండులో కొలంబియాలోని మెడెయిన్ నగరానికి మమ్మల్నిద్దరినీ రెండు వారాలు పంపారు. ఆసుపత్రులకూ ఊళ్లలోని చిన్న క్లినిక్‌లకూ మందులు చేరవేసే ఒక సంస్థకి ఆర్డర్ల సిస్టమ్ పెట్టాలి. పెట్టాం, నడిచింది. తిరుగు ప్రయాణానికి ముందు ఒక ఆదివారం మిగిలింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వ్యాన్‌లో పల్లెలన్నీ తిప్పే టూర్ ఒకటుందని హోటల్‌లో చెప్పారు. కాఫీ తోట, రంగుల ఇళ్ల ఊరు, కొండంత రాయి, సరస్సులో పడవ. నేనే ఎగబడి ఇద్దరికీ బుక్ చేశాను. యాదగిరన్న మొదట గునిశాడు. తర్వాత ఒప్పుకున్నాడు. "పదేండ్లయె అమెరికాకొచ్చి. డల్లాస్ చూసిన, డల్లాస్ ఎయిర్‌పోర్ట్ చూసిన, గంతే. శ్రావ్య ఫొటోలు తెమ్మన్నది," అన్నాడు.

ఆ ఆదివారం సిస్టమ్‌ని కనిపెట్టుకుని ఉండే వంతు నాది. ఆ వంతును హైదరాబాద్‌లో కిశోర్ అనే కుర్రాడికి అప్పజెప్పాలి. శనివారం సాయంత్రం ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. మెయిల్ పెట్టి పడుకున్నాను. పొద్దున్నే హోటల్ ముందు వ్యాన్ ఆగి ఉంది. అందులో పదిమంది టూరిస్టులు మా కోసమే చూస్తున్నారు. మెట్టు మీద కాలు పెట్టబోతూ యాదగిరన్న ఆగాడు.

"కిశోర్ తీసుకున్న అన్నడా?"

లేదంటే ఆయన వ్యాన్ ఎక్కడు. ఎక్కకపోగా నన్ను పొమ్మని, తాను హోటల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఆ ఒక్క క్షణంలో నేను ఆలోచించింది ఇదీ అని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. నిజానికి నేను ఆలోచించిందేమీ లేదు. నాకు వెళ్లాలనిపించింది, అంతే.

"అన్నాడన్నా," అన్నాను.

మా గైడ్ పేరు మార్తా. యాభై ఏళ్లుంటాయి, చేతిలో ఎర్ర గొడుగు, నిదానంగా విడదీసి పలికే ఇంగ్లీషు. కాఫీ తోటలో పళ్లు ఎలా కోస్తారో చూపించి, మా నడుములకు బుట్టలు కట్టి కోయించింది. యాదగిరన్న కోసే వాటం చూసి, "మీరు రైతా?" అని అడిగింది. "రైతు కొడుకుని," అని ఆయన గర్వంగా చెప్పాడు. తర్వాత వేడివేడి బెల్లం నీళ్లలో చీజ్ ముక్కలు వేసి తలా ఒక కప్పు ఇచ్చారు. "బెల్లంల చీజ్ ఏస్తరా! ఏందిర నాయనా గీ తిండి," అంటూనే రెండు కప్పులు తాగాడు. పాల క్యాన్లు మోస్తున్న గుర్రాన్ని ఫొటో తీశాడు. రాయి మీదికి వందల మెట్లుంటే సగం ఎక్కి కూలబడి, "మిగిలిన సగం నువ్వు చూసొచ్చి చెప్పు," అన్నాడు. ఆ మనిషి అంతగా నవ్వడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. తోట దగ్గరే నా ఫోన్‌కి సిగ్నల్ పోయింది. చూసి కూడా లోపల పెట్టేశాను.

మధ్యాహ్నం పడవ ఎక్కాం. సరస్సు నడుమ నీళ్లలోంచి ఎత్తయిన శిలువ ఒకటి పైకి లేచి ఉంది. మార్తా గొడుగు మడిచి, కింద ఒక ఊరుందని చెప్పింది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన పాత ఊరు. వాళ్ల అమ్మమ్మ ఇల్లు అందులోనే ఉందట. టూరిస్టులంతా ఫొటోలకు ఎగబడ్డారు. యాదగిరన్న మాత్రం పడవ అంచు పట్టుకుని నీళ్లలోకే చూస్తున్నాడు. కాసేపటికి తెలుగులో, నాకు మాత్రమే వినపడేట్టు మొదలుపెట్టాడు.

"మా ఊరు గూడ గిట్లనే మునిగింది. ప్రాజెక్టు కట్టిండ్రు. ఊరు ఖాళీ చెయ్యాలె అని ఒక కాయితం తెచ్చి పంచాయితి గోడకు అంటించి పోయిండ్రు. మా నాయినకు సదువు రాదు. ఆయనొక్కనికేంది, ఆ వాడల ఎవ్వలికి రాదు. ఒక్కడన్న ఇంట్లకొచ్చి నోటితోని చెప్పలే. నీళ్లొచ్చిననాడు మా నాయిన పొలంల ఉన్నడు. రెండు ఎడ్లు కొట్టుకపోయినయి. మమ్ముల ఎత్తుకొని గుట్ట ఎక్కిండు. తర్వాత ఆఫీసుకు పోయి అడిగితె ఏమన్నరో తెల్సా? నోటీసు ఇచ్చినం కదా, అన్నరు."

నాకు తల తీసేసినట్టయింది. నవ్వి, అనుకరించి, చాదస్తమని పేరు పెట్టింది దేనికో అప్పుడు తెలిసింది. అప్పుడైనా చెప్పాలి కదా! ఒడ్డున భోజనానికి ఆగిన హోటల్‌లో కౌంటర్ మీద ఫోన్ ఉంది. నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది, నల్లటి ఫోన్, పక్కన రేట్ల కాగితం. హైదరాబాద్‌కి ఒక్క కాల్ చేస్తే పోయేది. ఆయన ఎదురుగా కూర్చుని చేపలో ముళ్లు ఏరుకుంటున్నాడు.

"అన్నా, ఒక మాట," అన్నాను.

"చెప్పు బిడ్డా."

పొద్దుటి నవ్వు ఆయన మొహం మీద ఇంకా కొంచెం మిగిలే ఉంది. "చేప బాగుందా?" అని అడిగాను. మస్తుగుందన్నాడు.

సాయంత్రం మెడెయిన్ పొలిమేరలో సిగ్నల్ రాగానే నా ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఒక్క ఆర్డర్ కూడా కదల్లేదు. కిశోర్ నా మెయిల్ చూడనే లేదు, ఆ శనివారం రైలెక్కి ఊరెళ్లాడట. యాదగిరన్న నా మొహం చూశాడు.

"తీసుకున్న అనలే కదా?"

తల అడ్డంగా ఊపాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆయన డ్రైవర్‌ని బతిమాలి దారిలోనే దిగి, టాక్సీలో నేరుగా ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లాడు. రెండు గంటల్లో సరిచేశాడు కానీ, అప్పటికే కొండ ఊళ్లకు వెళ్లే లారీలు సగం మందులతోనే బయల్దేరిపోయాయి. దాని వల్ల అక్కడ ఎవరికి ఏమైందో మాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

డల్లాస్ తిరిగొచ్చిన వారానికి మీటింగ్. ఆదివారం బాధ్యత ఎవరిదో ఒక పేరు కావాలని ఆ సంస్థవాళ్లు పట్టుబట్టారు. మా డైరెక్టర్ టేబుల్ చుట్టూ చూసి, "హూ హ్యాడ్ సండే?" అని అడిగాడు. యాదగిరన్న నా వైపు చూశాడు. ఒక్కసారి. చూసి ఆగాడు. అది నాకు ఇచ్చిన అవకాశమని ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. నేను నా నోట్‌బుక్‌లో గీతలు చూస్తూ కూర్చున్నాను. వీసా కొత్తది, తమ్ముడి చదువు, ఇంకా ఏవేవో. సాకులకేం, ఎన్నయినా దొరుకుతాయి.

"సండే వాజ్ మైన్," అన్నాడాయన. "ఐ డిడ్ నాట్ కన్ఫర్మ్ ది హ్యాండోవర్."

జీవితంలో ఒక్కనాడూ ఆ తప్పు చేయని మనిషి ఆ మాట తన నోటితో అన్నాడు.

శుక్రవారం ఆయన్ని తీసేశారు. ఆ రోజుల్లో హెచ్-1 మీద ఉద్యోగం పోతే ఇన్నాళ్లు ఉండొచ్చనే గడువేదీ లేదు, పోయిన రోజే అమెరికాలో ఉండే స్టేటస్ పోయేది. మూడు వారాలు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఎక్కడా కుదరలేదు. వాళ్లింటికి వెళ్తే సోఫాలు, సైకిళ్లు, శ్రావ్య చదువుకునే బల్ల అన్నీ గ్యారేజ్‌లో అమ్మకానికి పెట్టి ఉన్నాయి. ఆ పిల్ల పదకొండో క్లాసు. ఇంకొక్క ఏడాదిలో హైస్కూల్ అయిపోయేది. గదిలోంచి బయటికి రాలేదు, తలుపు వెనక నుంచి ఏడుపు వినపడుతోంది. నేను గ్యారేజ్‌లో ఏడుపు ఆపుకోలేక, "రేపు వెళ్లి చెప్పేస్తానన్నా," అన్నాను.

"నాది ఎట్లనో పోయింది, ఇప్పుడు చెప్తె నీది గూడ పోతది. ఊకో," అన్నాడు. "ఒకసారి మునిగినోనికి ఇంకోసారి మునుగుడు పెద్ద ముచ్చట కాదు తియ్యి."

నేను ఊరుకున్నాను. ఎంత తొందరగా ఊరుకున్నానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత ఆయనకు నేను ఫోన్ చేయలేదు. పండగలకు మెసేజ్‌లు పెట్టేదాన్ని, ఆయన చేతులు జోడించిన బొమ్మ పంపేవాడు. కిందటి చలికాలంలో పాత టీమ్‌లో ఒకతను చెప్పాడు, యాదగిరన్న గుండెపోటుతో పోయాడని, అప్పటికే రెండు నెలలైందని. ఆయన నంబర్‌కే ఫోన్ చేశాను. శ్రావ్య ఎత్తింది. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసులో పని చేస్తోందట, మాటలో అమెరికా యాస అలాగే ఉంది.

"నాన్న మీ గురించి ఆల్వేస్ గుడ్ థింగ్సే చెప్పాడు ఆంటీ," అంది. ఆ వెంటనే మళ్లీ అందుకుంది, "నేనే నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. ఇక్కడికి వచ్చాక చాలా ఫైట్ చేశాను. నీ మిస్టేక్ వల్లే నా లైఫ్ పోయింది అన్నాను. మెనీ టైమ్స్ అన్నాను. ప్రతిసారీ 'అవును బిడ్డా, నాదే తప్పు' అనేవాడు. ఒక్కసారి కూడా కోపం రాలేదు ఆయనకి."

ఇక ఆగలేకపోయాను. వ్యాన్ మెట్టు మీద చెప్పిన అబద్ధం, కౌంటర్ మీద ఫోన్, మీటింగ్‌లో నా నోట్‌బుక్, అంతా చెప్పేశాను. ఆయన ఏ తప్పూ చేయలేదమ్మా, అంతా నాదే అన్నాను. చెబుతుంటే నా గుండె తేలికవుతున్నట్టే అనిపించింది, అదీ రాయాలి.

"నాన్న ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదు ఆంటీ?" అంది శ్రావ్య. గొంతులో కోపం లేదు. "ఇప్పుడు నేను ఎవరికి సారీ చెప్పాలి?"

ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ప్రతి వారం చేస్తున్నాను, ఎత్తడం లేదు.