ఎడమ చెవిలో నాటు పాట

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. కారేపల్లిలో మా షాపు పక్కన టీ బండి దగ్గర సాయంత్రమైతే ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఇల్లెందు రోడ్డులో తెల్లచీర అడ్డం వచ్చిందని ఒకరు, అడవి మలుపులో బండి దానంతటదే ఆగిపోయిందని ఇంకొకరు. బండిలో పెట్రోలు ఉందో లేదో చూసుకున్నావా అని అడిగి వాళ్ల కథ చెడగొట్టడం నాకు సరదా. ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇది జరిగింది నాకే, అదీ పట్టపగలు, నా కౌంటర్ వెనక.

నాది మొబైల్ సామాన్ల షాపు. మొదట్లో నా బతుకంతా పాటలు ఎక్కించడమే. గోరంత మెమరీ చిప్పు తెచ్చి కౌంటర్ మీద పెట్టి "అన్నా, నిండ పాటలు ఎక్కియ్యి" అనేవాళ్లు. మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్లు, ఆటో డ్రైవర్లు, సంతకు వచ్చిన అడవి ఊళ్లవాళ్లు వరుసగా నిలబడేవారు. ఎవరికి ఏ పాట కావాలో మొహం చూసి చెప్పేవాణ్ని. ఎంత బాగుండేవో ఆ రోజులు! ఇప్పుడు ఆ చిప్పూ లేదు, ఆ వరుసా లేదు. పాటలు వాటంతట అవే ఫోన్లోకి వస్తున్నాయి. నా దగ్గర అమ్ముడయ్యేవి చార్జర్లు, స్క్రీన్ గ్లాసులు, ఇయర్‌ఫోన్లు.

ఇయర్‌ఫోన్ల దగ్గర నాకు కొంచెం చాదస్తం ఉంది. తెచ్చేది చవక సరుకే, కానీ ప్రతి రకాన్నీ నా చెవిలో పెట్టుకుని వినందే అమ్మను. చెవిలోకి దూరే ఆ రబ్బరు బుడిపె సరిగ్గా కూర్చోకపోతే ఎంత మంచిదైనా రేకు డబ్బా మోతే. కొన్నింటిలో బేస్ ఎంత ఎక్కువంటే, పాడేవాడు గోనెసంచిలో కూర్చుని పాడుతున్నట్టుంటుంది. డోలు గట్టిగా మోగాలనేవాళ్లకు అవే ఇష్టం, అడిగి మరీ కొంటారు. ఇంకొన్నింటిలో గాజుల చప్పుడు కూడా సూదిలా గుచ్చుతుంది. అవి పెట్టుకుని బస్సులో భద్రాచలం దాకా పోతే తలనొప్పి ఖాయం. డబ్బా మీద రాసింది నేను నమ్మను. నా చెవి చెప్పిందే నమ్ముతాను.

పరీక్షకు నేను వాడేది ఎప్పుడూ ఒకటే పాట. అది సినిమా పాట కాదు. మా ఊరి ఆడవాళ్లు వరి నాటు వేస్తూ పాడింది, ఫోన్లో రికార్డు చేసింది. అందులో అన్నీ ఉన్నాయి. బురదలోంచి కాలు తీసే చప్పుడు, గాజులు, దూరంగా ట్రాక్టర్, ఒకదాని మీద ఒకటి పడే గొంతులు. మధ్యమధ్యలో ఎవరూ పాడని ఖాళీలు. ఆ ఖాళీల్లో ఇయర్‌ఫోన్ సొంత బుస బయటపడుతుంది. పనికిరాని సరుకు దొరికిపోయేది అక్కడే.

ఆ ఖాళీలు మా అమ్మవి.

నాటు వరుసలో పాట ఎత్తేది అమ్మ. ఆమె ఒక మాట ఎత్తితే మిగతావాళ్లు "అవునే వదినా" అని అందుకునేవారు. మాటలు ముందే కట్టుకున్నవి కావు. ఎవరి చెయ్యి వెనకబడితే వాళ్ల పేరు పాటలోకి ఎక్కేది. వరుసలోకి కొత్త కోడలు వస్తే మొదటి రోజే ఆమె పేరు పాటలో కట్టి ఏడిపించాలి. పేరు కట్టేదాకా ఆ పిల్ల ఇంకా వరుసలో కలవనట్టే లెక్క. ఒకామెను ఒంటికాలి కొంగ అంది అమ్మ. ఇంకొకామెను మొగుణ్ని తలుచుకుని వంకరగా నాటుతున్నావంది. అనిపించుకున్నవాళ్లే ఇంటికెళ్లి ఆ మాట చెప్పుకుని మురిసిపోయేవారు.

ఇప్పటికి పదేళ్లు దాటింది. ఒక ఎండాకాలం అమ్మ గొంతులో గడ్డ లేచింది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబడింది గానీ గొంతు పోయింది. నాట్లు మొదలయ్యేసరికి ఆమె ఇంకా దవాఖానా మంచం మీదే ఉంది. కిటికీలోంచి వాన చూసి, దుప్పటి మీద వేళ్లతో నారు గుచ్చినట్టు చూపించేది. నాట్లు ఎంతదాకా వచ్చాయని అడగడం అది.

అప్పుడు అమ్మ చెల్లెలికి, మా చిన్నమ్మకు, ఒక ఆలోచన వచ్చింది. అక్క లేదు కదా అని ఇంకొకరు పాట ఎత్తడానికి అక్కడ ఎవరికీ మనసొప్పలేదు. అందుకని అక్క ఎత్తాల్సిన చోటల్లా ఊరుకుని, తమ వంతు మాత్రం పాడారు. ఫోన్‌ని గట్టు మీద గొడుగు కింద పెట్టి దాన్ని రికార్డు చేశారు. చిన్నమ్మ ఆ చిప్పు తెచ్చి షాపులో నా చేతిలో పెట్టింది.

"మీ అమ్మకు ఇనిపియ్యి కొడకా. దాని వంతు అది మనసుల పాడుకుంటది" అంది.

వార్డులో చప్పుడు చేయొద్దన్నారు. అందుకే అమ్మ రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టి పాట వేశాను. కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. ఒకచోట పెదవులు కదిపి తనలో తను నవ్వుకుంది. ఏం పాడుతోందో నాకు తెలియదు, ఊపిరి తప్ప ఏమీ బయటికి రాలేదు. అయిపోగానే మళ్లీ పెట్టమని వేలు తిప్పింది. ఆ వానాకాలం పోకముందే అమ్మ పోయింది.

ఆమె ఫోటోలు ఉన్నాయి. గొంతు లేదు. రోజూ ఇంట్లో పాడే మనిషి పాటను ఎవరు రికార్డు చేసుకుంటారు? ఏడాదికేడాది ఆ గొంతు నా తలలోంచి చెరిగిపోతూ వచ్చింది. బొంగురా, సన్నమా అని మా ఆవిడ ఒకసారి అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. ఆ రోజు అన్నం సహించలేదు. అమ్మ గొంతు మర్చిపోయిన కొడుకు ఉంటాడా అని నా మీద నాకే కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఆ పాట పెట్టుకోవడానికి పరీక్ష ఒక సాకు. ఆమె గొంతు లేకపోయినా, ఆమె నిలబడాల్సిన చోటైనా అందులో ఉంది.

ఆ పాటలో నాకు అర్థంకాని ముక్క ఒకటుండేది. ఒక ఖాళీలో అందరూ ఊరుకుంటారు, ఆ తర్వాత ఉన్నట్టుండి పకపకా నవ్వుతారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆడవాళ్లు వరుసలో నవ్వడానికి కారణం కావాలా అనుకుని నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు.

మొన్న నాట్ల రోజుల్లో కొత్త ఇయర్‌ఫోన్లు వచ్చాయి. తెల్లవి, డబ్బా మీద పేరు కూడా లేదు. మధ్యాహ్నం అన్నం వేళ, కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. బయట సన్నగా వాన. ఒక జత విప్పి, పిన్ను ఫోన్లో గుచ్చి పాట పెట్టాను.

మొదట పెదవి విరిచాను. బేస్ మరీ పలచన. ట్రాక్టర్ ఉందో లేదో తెలియడం లేదు. కుడివైపు ఒక పిసరు తక్కువ. కానీ గొంతులు మాత్రం భలే విడిగా ఉన్నాయి, ఎవరు ఎంత దూరంలో వంగి ఉన్నారో చెప్పొచ్చు. ఈ ధరకు ఇది ఎక్కువే అనుకున్నాను. మొదటి ఖాళీ వచ్చింది. బుస లేదు, శుభ్రంగా ఉంది. సంతోషించాను.

తర్వాతి ఖాళీలో, ఎడమ చెవిలో, ఎవరో ఊపిరి తీసుకున్నారు.

ఆ వెంటనే గొంతు. కొంచెం బొంగురు. చివరి అక్షరాన్ని పైకి లేపి టక్కున వదిలేసే పద్ధతి. అమ్మ! ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. అన్నానికి పిలిచే గొంతు, జ్వరమొస్తే నుదురు తడుముతూ తిట్టే గొంతు, అదే. నాకు భయం వేయలేదు. ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్‌ను వేలితో అదిమి పట్టుకున్నాను. ఖాళీ తర్వాత ఖాళీ ఆమె పాడుతూనే ఉంది, వాళ్లు అందుకుంటూనే ఉన్నారు. ఆ నవ్వుల ముందు ఖాళీలో ఇలా పాడింది:

"పట్టుచీరె వద్దనెనే స్వరూప పిల్ల
బురదచీరె కట్టెనే స్వరూప పిల్ల"

అందరూ పకపకా నవ్వారు. ఇన్నేళ్లకు ఆ నవ్వు సరిగ్గా అతికింది.

వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. మళ్లీ అదే మాట, అదే గొంతు. అప్పుడు నాలోని షాపువాడు లేచాడు. వేరే ఇయర్‌ఫోన్ గుచ్చాను. ఖాళీ, ఖాళీగానే ఉంది. ఫోన్ స్పీకర్‌లో వేశాను. ఏమీ లేదు. మళ్లీ ఆ తెల్లవే పెట్టుకున్నాను. వాటిలోనూ ఏమీ లేదు. అదే రకం డబ్బాలు ఇంకొన్ని విప్పాను. లేదు. కరెంటు వచ్చి ఫ్యాన్ తిరిగింది. ఎవరో స్క్రీన్ గ్లాసు కోసం వచ్చి పిలుస్తున్నా నాకు వినపడలేదట.

సాయంత్రం షాపు కట్టేసి చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ముందు ఏమీ చెప్పకుండా తెల్ల ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో పెట్టాను. మొదట్నుంచి చివరిదాకా విన్నది. తమ వంతు వచ్చినప్పుడల్లా తల ఊపింది. ఖాళీల్లో ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. అప్పుడు నేను విన్న ఆ మాట చెప్పాను.

చిన్నమ్మ ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎవ్వరు చెప్పిండ్రురా నీకు?"

"ఎవ్వరు చెప్పలే చిన్నమ్మా. గీ ఇయర్‌ఫోన్లల్ల ఇన్న."

"స్వరూప ఆ దినమే కొత్తగ నాటుకొచ్చింది. మీ అమ్మ దవాఖానాల పడ్డంక అయిన పెండ్లి అది, పిల్ల మొకం గూడ చూడలే అక్క. నారుకట్ట అందుకోబోయి జారి బురదల కూసున్నది. చీరెంత బురదే. గందుకే నవ్వినం."

"మరి పేరెందుకు కట్టలే?"

"అక్క వచ్చి కడతదని ఆపినం. అక్క రాలేకపాయె. తర్వాత ఎవ్వరికి నోరు రాలే."

"ఈ ముచ్చట అమ్మకు చెప్పినవా?"

"లేదురా. పేరు కట్టుడు ఆగిందంటే మనసు కష్టపెట్టుకుంటదని చెప్పలే." కళ్లు తుడుచుకుంటూ నా మీద విరుచుకుపడింది. "అయితే నీకు ఇనిపిచ్చింది, నాకు ఇనిపియ్యలేదా? ఒక్క కంచంల తిని పెరిగినం. గింత పక్షపాతమా అక్కకు!"

ఏడుస్తూనే నవ్వింది. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ తర్వాత చాలా ఆలోచించాను. మనసు కోరుకున్నదాన్ని చెవి కల్పించి ఉండొచ్చు. స్వరూప జారిపడిన సంగతి ఎప్పుడో ఎవరో అంటుంటే నా చెవిన పడి, మర్చిపోయి ఉండొచ్చు. కానీ మర్చిపోయిన సంగతి పాటై, అంతకంటే ముందే మర్చిపోయిన గొంతులో ఎలా వస్తుంది? దవాఖానాలో ఆ పెదవులు కదిలినప్పుడు ఫోను పాట వినిపిస్తోంది, రికార్డు చేయడం లేదు. అదీ చూసుకున్నాను. ఆ తెల్ల జతను అమ్మకుండా దాచుకున్నాను. అప్పుడప్పుడూ పెట్టుకుంటాను. మళ్లీ ఎప్పుడూ వినపడలేదు. కానీ ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ గొంతు నాకు తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పగలను, కొంచెం బొంగురని.

చిన్నమ్మ కడుపులో మాట దాగదు. నాలుగు రోజులకే స్వరూప షాపుకు వచ్చింది. ఊరి వరసకు నాకు మరదలు, ఇప్పుడు ఆమెకు బడికి పోయే కూతురుంది. చార్జర్ కావాలంది. తీసిస్తే పట్టించుకోలేదు.

"బావా, అత్త నా పేరు కట్టిందట గద?"

చార్జర్‌ను మళ్లీ డబ్బాలో సర్దాను. దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఎగతాళి చేసే మనిషిని.

"ఆ మాట నాకు గూడ ఒకపారి చెప్పు" అంది.

చెప్పాను. చెప్పుడు కాదు, పాడమంది. నాకు పాడటం రాదు. అయినా అమ్మ ఎత్తినట్టే ఎత్తి, చివర పైకి లేపి వదిలేశాను. స్వరూప కౌంటర్ పట్టుకుని, తల వంచుకుని, మెల్లగా "అవునే వదినా" అని అందుకుంది. తర్వాత తలెత్తి చూసింది.

"అయితే అత్త నన్ను వరుసల కలుపుకున్నట్టే గద బావా?"

అదెలా జరిగిందో నాకు ఆరోజూ తెలియదు, ఈరోజూ తెలియదు. ఆమెకు మాత్రం "అవ్" అని చెప్పాను.