రాళ్ళ లైను మీద పడుగు

కోదండరామకు కూర్చోవడం చేతకాదు. అరవై రెండేళ్ళొచ్చినా ఆ విద్య పట్టుబడలేదు. అన్నం కూడా సగం ముద్దలు నిలబడే తింటాడు. నేతగాళ్ళ ఇంట్లో ఇలాంటి బిడ్డ పుడితే ఎంత కష్టమో నేతగాళ్ళకే తెలుసు. మగ్గం గుంతలో కాళ్ళు దించి పొద్దు గూకేదాకా కదలకుండా ఉండాలి కదా. చిన్నప్పుడు వాళ్ళ నాయన బలవంతాన కూర్చోబెడితే పావుగంటకే పైకి లేచేవాడు. మూడు చీరలు పాడయ్యాక నాయన దండం పెట్టేశాడు.

"నీ అరికాళ్ళలో చక్రాలుండాయిరా. పో, పోయి పడుగు పట్టుకో" అన్నాడు.

అదే అతని బతుకైంది. పడుగంటే చీరలో నిలువుగా పోయే దారాలు. మగ్గమెక్కించే ముందు వాటిని వీధి పొడుగునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. గంజి ఆరేదాకా ఆగకూడదు. ఆగితే దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆగకుండా నడవడమే పనిగా ఉన్న పని ఒకటుందని తెలిశాక కోదండరామ ప్రాణం కుదుటపడింది. తమిళదేశంలో తిరుత్తణి నుంచి కే.జీ.కండిగైకి పోయే దారిలో ఉన్న ఆ నేతవీధిలో, మిగిలిన మగ్గాలన్నిటికీ అతనే పడుగు పడతాడు.

తర్వాత వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది, ఇంటింటికీ ఒక మోటారు సైకిలు వచ్చింది. పడుగు సాచే చోటు పోయింది. అప్పుడు కోదండరామ కన్ను ఊరి వెనకున్న రాళ్ళ లైను మీద పడింది. క్వారీ కంకర మోయడానికి ఎప్పుడో వేసిన పట్టాలవి. పొద్దున, సాయంత్రం మనుషుల కోసం రెండు పెట్టెల బండి కూడా తిరిగేది. క్వారీ మూతపడింది, బండీ ఆగిపోయింది. గీత గీసినట్టు తిన్నగా ఉన్న దారి ముళ్ళకంప కింద ఊరికే పడి ఉంది. కోదండరామ కంప కొట్టి, పట్టాల మధ్య కొయ్యలు నాటాడు. పద్దెనిమిదేళ్ళుగా పడుగు అక్కడే.

ఆ వీధివాళ్ళకు ఒక కట్టుబాటుంది. సాచిన పడుగును ఎవరూ దాటరు, చుట్టు తిరిగి పోతారు. అటు వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా ఒకసారి పడుగు మీద చెయ్యేసి పోవాలి. వేయకుండా పోతే దారం తెగుతుందని నమ్మకం. పోస్టుమాన్ కూడా వేసే పోతాడు.

మొన్న ఆషాఢంలో, అదే ఆడినెలలో, పాత స్టేషను గోడ మీద ఒక కాగితం అంటించారు. చాలాకాలంగా బండ్లు తిరగని ఈ లైనును శాశ్వతంగా మూసేయాలనుకుంటున్నామని, అభ్యంతరం ఉన్నవాళ్ళు నెలలోపు తిరువళ్ళూరులో మను, అంటే అర్జీ, ఇచ్చుకోవచ్చని అందులో ఉంది. అసలే నిలకడ లేని మనిషి. ఆ రోజు నుంచి కాలుకాలిన పిల్లయిపోయాడు. రాత్రి పడుకుంటాడు, లేస్తాడు, చెంబెడు నీళ్ళు తాగుతాడు, మళ్ళీ పడుకుంటాడు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

చివరికి మనవరాలు యశస్విని కాగితం, పెన్ను తీసుకుంది. తమిళంలో బాగా రాస్తుంది.

"పడుగు కోసరమని రాస్తే మన్నే పట్టుకుంటారు తాతా. రైల్వే జాగాలో కొయ్యలు నాటిందెవురని అడుగుతారు. రైలు నడపమని రాద్దాం. అబద్ధం గాదు గదా, నేను కాలేజీకి రెండు బస్సులు మారి పోతావుండా."

వీధంతా సంతకాలు పెట్టింది. కోదండరామ భార్య చెంగమ్మ మాత్రం కాగితం వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది.

"నిజంగా రైలొస్తే పడుగు యాడ సాస్తావు మామా?"

అతను విననట్టు చొక్కా తొడుక్కున్నాడు. లోపల అతని లెక్క అతనికుంది. సర్కారు కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోవడానికి ఏడాది పడుతుంది. మూయాలా, నడపాలా అని వాళ్ళు పదేళ్ళు తన్నుకుంటారు. ఆ పదేళ్ళు తన కాళ్ళకు చాలు.

తిరువళ్ళూరుకు కరెంటు రైల్లో పోయాడు. సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆఫీసులో గుమస్తా కూర్చోమన్నాడు. రెండు గంటలు వరండాలో పచార్లు చేసి, మను ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాడు.

మూడు వారాలకే జాబు వచ్చింది. గురువారం పదకొండు గంటలకు జయరామన్ అనే ఆఫీసరు లైను చూడడానికి వస్తున్నాడు! ఆ రోజు పడుగు లేదని కోదండరామ వీధంతా చాటాడు. కానీ మంగళవారం, బుధవారం ఆగకుండా వాన. గురువారం తెల్లారకముందే సుమతి వచ్చి గుమ్మంలో నిలబడింది. మొగుడు పోయాక ఒక్క మగ్గంతో ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి.

"అన్నా, గంజిలో నానేసిన నూలు పులుపు వాసనొస్తావుంది. ఈపొద్దు సాచకుంటే పారేయాల్సిందే."

కోదండరామ వాకిట్లోకి పోయాడు, ఇంట్లోకి వచ్చాడు, మళ్ళీ పోయాడు. తర్వాత కుంచె తీసుకున్నాడు. "పదింటికంతా ఎత్తేద్దాం పట్టు."

"పెండ్లికి పోతా పిల్లిని సంకనబెట్టుకున్నట్టుండాది నీ యవ్వారం" అంటూనే చెంగమ్మ రెండో కొస పట్టుకోవడానికి బయల్దేరింది.

సర్కారు మనిషి చెప్పిన వేళకంటే ముందు రావడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. జయరామన్ తొమ్మిదింటికే వచ్చేశాడు. పట్టాల మధ్య నడుము ఎత్తున తడి పడుగు సాచి ఉంది. కోదండరామ ఆయన్ను చూశాడు. అయినా కాళ్ళు ఆగలేదు, ఆగకూడదు. నడుస్తూనే తమిళంలో నమస్కారం పెట్టి, అలవాటు కొద్దీ, "ఒక చెయ్యేయండి సారూ" అన్నాడు.

జయరామన్ మంచివాడే. ఏమిటీ ఎందుకూ అనకుండా చెయ్యేశాడు. పక్కనే నడుస్తూ అడిగాడు.

"ఎన్నేళ్ళుగా ఇక్కడ?"

"పద్దెనిమిది. నేనుండబట్టే ఈ దావ ఇంత సుబ్బరంగా ఉండేది సారూ. ఒక్క బండిని రానిచ్చింది లేదు!"

ఆ మాట నోరు జారాక గానీ తెలిసిరాలేదు. రైలు కోసం మను పెట్టుకున్నవాడు అనాల్సిన మాటేనా అది? సుమతి తల దించుకుంది. జయరామన్ నవ్వలేదు.

"ఎట్లా చూసినా ఈ కొయ్యలు తీసేయాలి పెద్దాయనా. మూసేస్తే పట్టాలు పీకి అటూ ఇటూ కంచె వేస్తారు. నడిపితే బండి వస్తుంది. వచ్చిన మను మీదొక్కటే. పైవాళ్ళు ఏమంటారో నాకు తెలీదు, నేను రాయాల్సింది రాస్తాను. ఇంతకీ మీకేం కావాలి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోదండరామ కాళ్ళు ఆగిపోయాయి. తడి పడుగు మీద కుంచె ఆగడం అతని జీవితంలో అదే మొదటిసారి. పట్టాల పొడుగునా కొండదాకా చూశాడు. అటూ ఇటూ కంచె, మధ్యలో మోకాళ్ళెత్తు గడ్డి, కదిలేది ఏదీ లేకుండా పడి ఉన్న ఆ దారి కళ్ళకు కట్టింది.

"అన్నా, గంజి ఆరిపోతావుంది!" అని సుమతి కేకేసింది.

"రైలుకే రాయండి సారూ" అన్నాడతను. ఆ గాబరాలో తెలుగే వచ్చింది. జయరామన్‌కు అర్థమైంది, మా వైపు అర్థం కానిదెవరికి? "నేను నడవకున్నా ఏదో ఒకటి నడవాల. కంచేసి పండబెడితే నేను చూడలేను."

జయరామన్ అక్కడే నిలబడి రాసుకున్నాడు. పడుగును దాటకుండా చుట్టు తిరిగి పోయి జీపెక్కాడు.

కుంచె ఆగిన చోట జానెడు మేర దారాలు అంటుకుపోయాయి. వాటిని గోటితో ఒక్కొక్కటే విడదీయాలి. అది నిలబడి చేసే పని కాదు. కొయ్యల మీంచి పడుగును కిందికి దించారు. కోదండరామ రైలుపట్టా మీద కూర్చుని మొదటి దారం పట్టుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు. లెమ్మని చెంగమ్మ రెండుసార్లు పిలిచినా లేవలేదు.